ఆర్మీకి ప్రయత్నిస్తున్నానని ఆఫీసులో ఎప్పుడు చెప్పాలి?

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా నా పని అయిపోయింది. బెంగళూరు సెలక్షన్ సెంటర్‌లో పొద్దున్నే రీజనింగ్ పరీక్ష పెట్టారు, బొమ్మ చూపించి కథ రాయించారు, గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. తర్వాత పాసైనవాళ్ల చెస్ట్ నంబర్లు చదివారు. నాది చదవలేదు. ఆర్మీ బస్సు తీసుకొచ్చి మళ్లీ రైల్వే స్టేషన్ దగ్గరే దింపేసింది.

బాధ అక్కడితో ఆగితే బాగుండేది. ఆఫీసులో నేను పెట్టింది వారం రోజుల లీవు, కారణం పెదనాన్న కూతురి పెళ్లి. పెళ్లి మొదటిరోజే అయిపోయిందని మర్నాడు డ్యూటీలో దిగలేను కదా! స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో మిగతా రోజులన్నీ ఫ్యాన్ చూస్తూ పడుకున్నాను. సోమవారం ఆఫీసుకు వెళ్లగానే పక్క సీటు అమ్మాయి అడిగిన మొదటి మాట, "పెళ్లి ఫొటోలు చూపించు."

ఆ తర్వాత ఇంకో రెండుసార్లు వెళ్లాను. రెండోసారి ముందే అందరికీ చెప్పేశాను. మూడోసారి ఒక్క మనిషికే చెప్పాను. మూడోసారి రికమెండ్ అయ్యాను, అంటే సెలక్షన్ బోర్డు ఎంపిక చేసింది, మెడికల్ కూడా దాటాను, చివర్లో మెరిట్ లిస్టులో పేరు రాలేదు. ఇప్పుడు వయసు దాటిపోయింది, ప్రైవేటు ఉద్యోగంలోనే ఉన్నాను. ఉద్యోగం చేస్తూ సీడీఎస్ (సైనిక ఆఫీసర్ల కోసం యూపీఎస్సీ పెట్టే పరీక్ష), ఏఎఫ్‌క్యాట్ (ఎయిర్ ఫోర్స్ ఆఫీసర్ల పరీక్ష), టీజీసీ (ఇంజినీర్లకు ఆర్మీ ఎంట్రీ) లాంటివాటికి ప్రయత్నించే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను సిలబస్ గురించి పెద్దగా అడగరు. "అన్నా, ఆఫీసులో చెప్పాలా వద్దా, చెబితే ఎప్పుడు?" ఇదే అడుగుతారు.

నా జవాబు ఒకటే: మీ సెలక్షన్ ఎంతవరకు ఖాయమైందో అంతవరకే చెప్పండి, చెప్పేదాంట్లో అబద్ధం మాత్రం పెట్టొద్దు. కాకపోతే ఇది అందరికీ ఒకేలా వర్తించదు. అందుకే ఏ టైములో చెబితే ఏమవుతుందో పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందు క్యాలెండర్ చూసుకోండి

సీడీఎస్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. ఏప్రిల్‌లో రాసి సెలెక్ట్ అయినవాళ్లు చెన్నై ఓటీఏలో (ఆఫీసర్ల శిక్షణ అకాడమీలో) అడుగుపెట్టేది మరుసటి ఏప్రిల్‌లో. సెప్టెంబర్‌లో రాస్తే మరుసటి ఏడాది అక్టోబర్‌లో. డెహ్రాడూన్ ఐఎంఏ (ఇండియన్ మిలిటరీ అకాడమీ) అయితే కోర్సులు జనవరిలో, జులైలో మొదలవుతాయి. అంటే పరీక్ష రాసిన రోజుకీ ట్రంకు పెట్టె సర్దుకునే రోజుకీ మధ్య తొమ్మిది నెలల నుంచి ఏడాది పైచిలుకు ఉంటుంది. ఇంజినీర్లకుండే టీజీసీ, ఎస్‌ఎస్‌సీ (షార్ట్ సర్వీస్ కమిషన్) టెక్ ఎంట్రీలకు రాత పరీక్ష ఉండదు కాబట్టి ఒక మెట్టు తక్కువ. మార్కులు చూసి నేరుగా ఎస్‌ఎస్‌బీకి, అంటే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు ఇంటర్వ్యూకి పిలుస్తారు.

ఈ దారిలో మెట్టు మెట్టుకీ జనం రాలిపోతుంటారు. ఎస్‌ఎస్‌బీ ఐదు రోజులు. మొదటి రోజు స్క్రీనింగ్‌లో 30 సెకన్లు ఒక మసక బొమ్మ చూపించి, 4 నిమిషాల్లో కథ రాయమంటారు. దాన్ని గ్రూపులో చర్చించాలి. చాలామంది ఆ మధ్యాహ్నమే ఇంటిముఖం పడతారు. మిగిలినవాళ్లకు సైకాలజీ పరీక్షలు, గ్రౌండ్ టాస్కులు, ఇంటర్వ్యూ, ఆఖరిరోజు కాన్ఫరెన్స్. రికమెండ్ అయితే మెడికల్. ఆ తర్వాత మెరిట్ లిస్టు. ఆ తర్వాతే జాయినింగ్ లెటర్.

రికమెండ్ అవగానే ఇంట్లో స్వీట్లు పంచేస్తారు గానీ, ఇల్లు అలకగానే పండగ కాదు. ముక్కు దూలం వంకర ఉందనో, వేరికోసీల్ (వృషణాల దగ్గర సిరల వాపు) ఉందనో, బరువు ఎక్కువనో టెంపరరీ రిజెక్ట్ రాస్తే, దాన్ని సరిచేయించుకుని 42 రోజుల్లోపు అప్పీల్ మెడికల్ బోర్డు ముందుకు వెళ్లాలి. చిన్న ఆపరేషనే అయినా దానికీ లీవు కావాలిగా! ఫిట్ అని రాసిచ్చాక కూడా, ఖాళీల కంటే ఫిట్ అయినవాళ్లు ఎక్కువైతే కింద మార్కులున్నవాళ్లు ఆగిపోతారు. దీన్ని మెరిట్ అవుట్ అంటారు. నాకు జరిగింది అదే.

అప్లై చేసినప్పుడే చెప్పేయడం

నా రెండో ప్రయత్నం ఇలా సాగింది. మొదటిసారి అబద్ధం చెప్పి తిన్న దెబ్బకి, ఈసారి పూర్తిగా అవతలి గట్టుకు దూకాను. అప్లికేషన్ పెట్టిన వారంలోనే లంచ్ టేబుల్ దగ్గర చెప్పేశాను. అందరూ భుజం తట్టారు. ఆ సాయంత్రం నుంచే నా పేరు "మేజర్ సాబ్" అయిపోయింది.

సరదాగానే ఉండేది. రెండు నెలల తర్వాత కొత్త ప్రాజెక్టుకి లీడ్‌ని చూస్తున్నప్పుడు నా పేరు తీసి పక్కనపెట్టారు. ఎవరికీ నామీద కోపం లేదు. "నువ్వెలాగూ వెళ్లిపోతావు కదా, మధ్యలో ఇబ్బంది" అన్నారంతే. నేను ఆ కుర్చీలో ఉన్నా అదే చేసేవాణ్ణి. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అప్పటికి నేను రాత పరీక్ష కూడా రాయలేదు! ఆ తర్వాత రాశాను, పాసయ్యాను, ఎస్‌ఎస్‌బీకి వెళ్లి కాన్ఫరెన్స్ అవుట్ అయ్యాను, అంటే ఆఖరిరోజు దాకా ఉండి రికమెండ్ కాలేదు. లీడ్ పోస్టు పోయింది గానీ మేజర్ సాబ్ అన్న పేరు మాత్రం నేను ఆ కంపెనీ వదిలేదాకా వదల్లేదు.

లాభాలు లేవని కాదు. లీవు అడగడానికి నాటకాలు అక్కర్లేదు. పొద్దున్నే పరుగుకు వెళ్లాలని నైట్ షిఫ్ట్ మార్పించుకోవచ్చు. మీ మేనేజర్ మాజీ సైనికుడో, సైనిక కుటుంబం నుంచి వచ్చినవాడో అయితే ఇంటర్వ్యూకి ఆయనే ప్రాక్టీస్ చేయించినా ఆశ్చర్యం లేదు. కానీ ఏడాది తర్వాత జరగవచ్చో జరగకపోవచ్చో తెలియని విషయానికి ఈ ఏడాది హైక్‌ని పణంగా పెట్టడం ప్రైవేటు ఉద్యోగికి నేను చెప్పే సలహా కాదు.

కాల్ లెటర్ వచ్చాక, లీవు అడిగేటప్పుడు

అసలు చిక్కు ఇక్కడే. సీడీఎస్ రాత పరీక్ష ఆదివారం జరుగుతుంది, ఎవరికీ తెలియకుండా రాసి రావచ్చు. ఎస్‌ఎస్‌బీ అలా కాదు. ఐదు రోజులు, రానూపోనూ ప్రయాణం కలిపితే వారం. ఇక్కడ మూడు దార్లున్నాయి: అబద్ధం చెప్పడం, కారణం చెప్పకుండా లీవు తీసుకోవడం, నిజం చెప్పడం.

అబద్ధం సంగతి పైన చూశారు. దానికి ఇంకో తోక కూడా ఉంది. ఎస్‌ఎస్‌బీలో నింపే ఫారంలో ప్రస్తుతం ఏం చేస్తున్నారు, నెలకు ఎంత వస్తుంది అన్న గడులుంటాయి. ఆ కాగితం చూసుకుంటూనే ఇంటర్వ్యూ నడుస్తుంది. రెండోసారి వెళ్లినప్పుడు నన్ను ఆఫీసర్ తాపీగా అడిగారు, "మీరిక్కడికి వచ్చిన సంగతి మీ బాస్‌కి తెలుసా?" తెలుసు సార్ అన్నాను, నిజమే కాబట్టి తడుముకోలేదు. ఇదే ప్రశ్న మొదటిసారి ఎదురై ఉంటే? అంతదూరం వెళ్లకుండా స్క్రీనింగ్‌లోనే పంపేసి నాకు మేలే చేశారేమో.

కారణం చెప్పకుండా లీవు తీసుకోవడం అబద్ధం కాదు, గుర్తుంచుకోండి. "పర్సనల్ పని ఉంది, ఊరు వెళ్తున్నాను, తొందరగా పూర్తయితే ముందే వచ్చేస్తాను." ఈ ఒక్క వాక్యం నన్ను లాడ్జి నుంచి కాపాడి ఉండేది. మొదటిరోజే బయటికి వచ్చేసినా మర్నాడు రైలెక్కి ఎల్లుండి ఆఫీసులో కూర్చోవచ్చు, మిగిలిన లీవులు మిగులుతాయి. పెద్ద కంపెనీల్లో, లీవు ఆన్‌లైన్‌లో పెట్టి కారణం గడిలో రెండు ముక్కలు రాస్తే సరిపోయే చోట, మొదటి ఎస్‌ఎస్‌బీకి ఇదే మంచి దారి.

రెండోసారి, మూడోసారి కాల్ వస్తే మాత్రం "పర్సనల్ పని" పాతబడిపోతుంది. ఎండకు కమిలిన ముఖం, పొట్టిగా కత్తిరించిన జుట్టు, పగిలిన మోచేతులు చూసి ఎవరో ఒకరు కనిపెడతారు. అప్పుడు మేనేజర్‌కి ఇతరుల నోటి నుంచి తెలియడం కంటే మీరే చెవిన వేయడం మేలు.

ఒక చిట్కా. ఆర్మీ వెబ్‌సైట్‌లో చాలా ఎంట్రీలకు ఎస్‌ఎస్‌బీ తేదీల్ని అభ్యర్థులే ఎంచుకునే వీలిస్తారు. స్లాట్లు త్వరగా అయిపోతాయి. మీ ఆఫీసులో క్వార్టర్ ఎండింగ్, ఆడిట్, రిలీజ్ ఎప్పుడో ముందే చూసుకుని ఆ వారాలు తప్పించి బుక్ చేసుకుంటే సగం టెన్షన్ ఉండదు.

మెడికల్ ఫిట్ అయ్యాక చెప్పడం, జాయినింగ్ లెటర్ దాకా ఆగడం

ఈ రెండూ దగ్గరదగ్గరగా కనిపిస్తాయి గానీ, మధ్యలో మీ నోటీస్ పీరియడ్ నిలబడి ఉంటుంది.

లెటర్ దాకా ఆగమనేవాళ్ల వాదనలో బలముంది. కాగితం చేతికి రానిదే ఏదీ ఖాయం కాదు. నా పరిచయస్తుడొకడు కాన్ఫరెన్స్‌లో రికమెండ్ అని చదవగానే, ఆ ఊపులో సెలక్షన్ సెంటర్ గేటు బయట నిలబడి ఫోన్‌లోనే రిజైన్ పెట్టేశాడు. మెడికల్‌లో ఆగిపోయాడు. కంపెనీ అప్పటికే అతని సీటులో వేరేవాళ్లను తీసుకుంది. రెంటికీ చెడ్డ రేవడి అంటే అదే.

కానీ లెటర్ చాలాసార్లు రిపోర్ట్ చేయాల్సిన తేదీకి కొద్ది వారాల ముందే వస్తుంది. నోటీస్ పీరియడ్ 30 రోజులైతే ఎలాగోలా సర్దుబాటు అవుతుంది. 90 రోజులైతే? లెక్క వేద్దాం. నెల జీతం 60,000, లెటర్ 20 రోజుల ముందు వచ్చిందనుకోండి. ఇంకా 70 రోజులు బాకీ. రోజుకు 2,000 చొప్పున 1,40,000 రూపాయలు కట్టి బయటపడాలి. ఐఎంఏ, ఓటీఏల్లో శిక్షణ కాలంలో నెలకు 56,100 స్టైపెండ్ ఇస్తారు. అంటే రెండున్నర నెలల స్టైపెండ్ ముందుగానే పాత కంపెనీకి ధారపోసినట్టు. కొన్ని కంపెనీలు గ్రాస్ మీద కాకుండా బేసిక్ మీద వసూలు చేస్తాయి, అప్పుడు భారం బాగా తగ్గుతుంది. కొన్ని అసలు డబ్బులు తీసుకోవు, రోజులే కావాలంటాయి. మీ అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఈ క్లాజు ఎలా ఉందో ఈ రోజే తీసి చదవండి. చేరిన రోజు సంతకం పెట్టామే గానీ చదివినవాళ్లు ఎందరు?

నా ఓటు మధ్య దారికి. మెడికల్ ఫిట్ అని చేతికి రాగానే మేనేజర్‌కి నోటిమాటగా చెప్పండి. రిజైన్ పెట్టకండి. మెరిట్ లిస్టులో, ఖాళీల లోపల మీ పేరు కనిపించాక, నోటీస్ 60 లేదా 90 రోజులున్నవాళ్లు అప్పుడు పెట్టండి. 30 రోజుల వాళ్లు లెటర్ దాకా ఆగినా నష్టం లేదు. నోటిమాటకి, కాగితానికి మధ్య దొరికే ఆ కొన్ని వారాల్లో మీ పని ఎవరికి అప్పజెప్పాలో ఆయన చూసుకుంటాడు. అలా చూసుకోగలిగినవాడే ఆఖర్లో "సరే, నలభై రోజులకే వదిలేద్దాం" అని హెచ్‌ఆర్‌తో మాట్లాడతాడు. ముందస్తు రిలీవింగ్ అన్నది రూల్ పుస్తకం కంటే మనుషుల మంచితనం మీదే ఎక్కువ నడుస్తుంది.

ఈ లెక్క చెల్లని చోట్లు

ప్రభుత్వ ఉద్యోగులకు, ప్రభుత్వ రంగ సంస్థల వాళ్లకు పైదంతా వర్తించదు. సీడీఎస్‌కి అప్లై చేసేటప్పుడే, మా ఆఫీసు హెడ్‌కి రాతపూర్వకంగా తెలియజేశానని యూపీఎస్సీకి హామీ ఇవ్వాలి. అనుమతి ఇవ్వలేదని మీ ఆఫీసు నుంచి లేఖ వెళితే అప్లికేషన్ రద్దయ్యే అవకాశముంది. ఎస్‌ఎస్‌బీకి వెళ్లేటప్పుడు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న లేఖ) అడుగుతారు. కాబట్టి మీరు మొదటిరోజే చెప్పాలి, అదీ కాగితం మీద, ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకుని. సెక్షన్ క్లర్కు టేబుల్ మీద మీ ఫైలు ఎన్నాళ్లు నిద్రపోతుందో ముందే లెక్కలో పెట్టుకోండి.

చిన్న సంస్థల సంగతి వేరు. ఆరుగురుండే ఆఫీసులో లెక్కలన్నీ చూసేది మీరొక్కరే అయితే, మీరు వెళ్తే షట్టర్ సగం దిగినట్టే. అక్కడ యజమానికి ఎస్‌ఎస్‌బీ కాల్ వచ్చినప్పుడే చెప్పడం న్యాయం. చిన్న చోట్ల హైక్ కోసం రేటింగ్ ఫారాలుండవు, మాట మీదే నడుస్తుంది. ఆ మాట చెడగొట్టుకుంటే రేపు రిలీవింగ్ లెటర్ కోసం చెప్పులరిగేలా తిరగాలి.

ఇంకొకటి, దీనిగురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. మీరు రికమెండ్ అయి మెడికల్ కోసం ఎదురుచూస్తుండగా కంపెనీ మిమ్మల్ని ఆన్‌సైట్‌కి పంపుతామంటుంది. లేదా ఖరీదైన ట్రైనింగ్ ఇచ్చి రెండేళ్ల బాండ్ రాయమంటుంది. ఇక్కడ మౌనంగా సంతకం పెట్టడం నాకు నచ్చదు. అది నైతికంగానే కాదు, డబ్బుపరంగా కూడా మెడకు చుట్టుకుంటుంది. వివరం చెప్పకపోయినా, "ఈ ఆరు నెలలు నేను పెద్ద కమిట్‌మెంట్ తీసుకోలేను, వేరేవాళ్లకివ్వండి" అని తప్పుకోండి. ఎందుకని గుచ్చి అడిగితే అప్పుడు చెప్పేయండి.

అగ్నివీర్‌కి వెళ్లేవాళ్లకు ఎస్‌ఎస్‌బీ ఉండదు. ఆన్‌లైన్ పరీక్ష, ఆ తర్వాత ర్యాలీలో 1.6 కిలోమీటర్ల పరుగు, మెడికల్. లీవు తక్కువే కావాలి. కానీ వాళ్లు ఉద్యోగం వదిలే తీరు గురించి ఇంకా ఎక్కువ ఆలోచించాలి, ఎందుకంటే ఆ సర్వీసు నాలుగేళ్లే. అందులో 25 శాతం వరకే ఆ తర్వాత రెగ్యులర్ అవుతారు. మిగతావాళ్లు, వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షల సేవానిధితో బయటికి వచ్చి మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటారు. ఈరోజు గోడౌన్ సూపర్‌వైజర్‌తో గొడవపడి, చెప్పాపెట్టకుండా మానేసి వెళ్లినవాడు నాలుగేళ్ల తర్వాత అదే గేటు ముందు నిలబడాల్సి రావచ్చు. షార్ట్ సర్వీస్ ఆఫీసర్లకు కూడా పదేళ్లు, పొడిగిస్తే ఇంకో నాలుగేళ్లు. వాళ్లకూ ఏదో ఒకరోజు రెజ్యుమె మళ్లీ రాసుకునే పని ఉంటుంది.

ఉద్యోగం వదలకుండా యూనిఫాం

చెప్పాలా వద్దా అని నలిగిపోతున్నవాళ్లలో కొందరికి నిజానికి కావాల్సింది టెరిటోరియల్ ఆర్మీ. 1948 నాటి చట్టం కింద ఏర్పడిన ఈ దళానికి ఉద్యోగమో వ్యాపారమో చేసుకుంటున్నవాళ్లే కావాలి. సొంత సంపాదన ఉండాలన్నది దీని షరతు. ఆఫీసర్‌గా 18 నుంచి 42 ఏళ్ల దాకా ప్రయత్నించవచ్చు. మామూలు రోజుల్లో మీ పని మీరు చేసుకుంటారు, ఏడాదికి సుమారు రెండు నెలల క్యాంపుకి వెళ్తారు. మొదటి రెండేళ్లలో ఓటీఏలో మూడు నెలల శిక్షణ అదనం. సర్వీసులో ఉన్న రోజులకే సైన్యం జీతమిస్తుంది. దీన్ని కెరీర్ అనుకుని వెళ్తే నిరాశే.

పోలిక కోసం చెప్పుకోవాల్సిన విషయం ఒకటుంది. టెరిటోరియల్ ఆర్మీలో ఉన్న ఉద్యోగిని సైనిక సర్వీసుకి పిలిస్తే, అది ముగిశాక అతన్ని మళ్లీ పనిలోకి తీసుకోవడం యజమాని బాధ్యత అని ఆ చట్టంలోని 7ఏ సెక్షన్ చెబుతుంది. రెగ్యులర్ సైన్యానికి వెళ్లే ప్రైవేటు ఉద్యోగికి ఇలాంటి రక్షణ లేదు, మీరు రిజైన్ చేసి వెళ్తున్నట్టే. నెట్‌లో కనిపించే "సైన్యంలో చేరినా మీ ఉద్యోగం మీకే ఉంటుంది, ధైర్యంగా బాస్‌కి చెప్పండి" అన్న సలహాలు ఎక్కువగా అమెరికావి. వాళ్లకు 1994లో తెచ్చిన చట్టం ఉంది, మామూలుగా మొత్తం ఐదేళ్ల సర్వీసు దాకా పాత ఉద్యోగానికి తిరిగొచ్చే హక్కు ఇస్తుంది. అది చదివి ఇక్కడి హెచ్‌ఆర్ ముందు వాదించకండి.

అయితే టెరిటోరియల్ ఆర్మీలో చేరాలంటే యజమానికి దాచడం కుదరని పని. ఏటా రెండు నెలలు పంపాల్సింది ఆయనే. అందుకని దీనికి ప్రయత్నించేవాళ్లు అప్లై చేసే ముందే మాట్లాడుకోవాలి. నా వయసు వాళ్లకి, ఇంటి లోన్లు నడుస్తున్నవాళ్లకి ఇది మంచి దారి అనిపిస్తుంది. ఇరవై మూడేళ్ల కుర్రాడికి మాత్రం ఇది రెండో ఎంపికే కావాలి.

ఎవరికి, ఏ మాటల్లో

ముందు మేనేజర్‌కి, తర్వాత హెచ్‌ఆర్‌కి. హెచ్‌ఆర్‌కి ముందు చెబితే మేనేజర్‌కి మెయిల్‌లో తెలుస్తుంది, ఆ మంట వేరుగా ఉంటుంది. టీంలో స్నేహితులకు చివర్న. వాట్సాప్ స్టేటస్‌లో చెస్ట్ నంబర్‌తో ఫొటో పెట్టాలన్న ఆశ ఉంటుంది, ఆపుకోండి.

మూడోసారి నేను మాట్లాడిన తీరు ఇది. కొత్త కంపెనీ, కొత్త మేనేజర్, మెడికల్ ఫిట్ కాగితం జేబులో ఉంది. శుక్రవారం సాయంత్రం ఆయన క్యాబిన్ ఖాళీగా ఉన్నప్పుడు తలుపు తట్టాను.

"సార్, ఐదు నిమిషాలు. నేను ఆర్మీకి సెలక్షన్స్ రాస్తున్నాను. ఎస్‌ఎస్‌బీ, మెడికల్ అయ్యాయి. మెరిట్ లిస్ట్ ఇంకా రావాలి. పేరు వస్తే ఏప్రిల్‌లో వెళ్లాలి, రాకపోతే ఇక్కడే ఉంటాను. నేను రిజైన్ చేయట్లేదు. మీకు చివర్లో ఇబ్బంది కాకూడదని ముందు చెబుతున్నా."

"లిస్ట్ ఎప్పుడొస్తుంది?"

"తేదీ చెప్పరు సార్. రెండు నెలల్లో రావచ్చు."

"ఇంకెవరికైనా చెప్పావా?"

"లేదు సార్."

"చెప్పకు. పేమెంట్స్ మాడ్యూల్ నీ ఒక్కడికే తెలుసు, ఈ నెలలో ఇంకొకరికి నేర్పించు. కారణం నేను వేరే చెబుతాలే." అని స్క్రీన్ మీద రిసోర్స్ షీట్ తెరిచి, ఏప్రిల్ కింద నా పేరు పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టాడు.

గమనించారా, నేను దేశసేవ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. ఆయనకు కావాల్సింది మూడే ముక్కలు: ఎప్పుడు తేలుతుంది, తేలితే ఎప్పుడు వెళ్తావు, తేలకపోతే ఉంటావా. అవి చెప్పేస్తే మిగతాది ఆయన అడుగుతాడు. ఇది మాట్లాడాక, "ఈరోజు మాట్లాడినట్టు, ఫలితం వచ్చాక అధికారికంగా తెలియజేస్తాను, ఇది రాజీనామా కాదు" అని రెండు లైన్ల మెయిల్ పెట్టడం మంచిదా కాదా అంటే, మేనేజర్‌ని బట్టి ఉంటుంది. నేను పెట్టలేదు. మాట మార్చే మనిషి అయితే పెట్టండి.

ఆయన మొహం మాడ్చుకుంటే? ప్రాజెక్టు నుంచి తీసేస్తే? అలా జరగొచ్చు. అందుకే మెడికల్ దాకా ఆగమన్నది. అప్పటికి మీరు పోగొట్టుకునేది ఒకటి రెండు నెలల పని మాత్రమే.

పేరు వస్తే, రాకపోతే

పేరు వస్తే: రిలీవింగ్ లెటర్, అనుభవం సర్టిఫికెట్, ఆఖరి మూడు నెలల పేస్లిప్‌లు, ఫారం 16 సంగతి మాట్లాడుకునే బయటికి రండి. అకాడమీలో మొదటి వారాల్లో ఫోన్ చేతికి రాదు, అక్కడినుంచి హెచ్‌ఆర్‌కి ఫోన్లు చేసే పరిస్థితి ఉండదు. ఈపీఎఫ్ ఖాతా సైన్యంలోకి మారదు, అక్కడ ఆఫీసర్లకు డీఎస్‌ఓపీ అని వేరే ఫండ్ ఉంటుంది. సర్వీసు ఐదేళ్లు నిండకుండా పీఎఫ్ తీస్తే పన్ను పడుతుంది, అవసరం లేకపోతే కదిలించకండి. శిక్షణ మధ్యలో సొంత కారణాలతో మానేస్తే ఖర్చు తిరిగి కట్టాలన్న షరతు కూడా ఉంటుంది. కాబట్టి పాత కంపెనీ తలుపు ధడాలున వేసి వెళ్లొద్దు.

రాకపోతే, అదే రోజు చెప్పండి. ఆలస్యం చేస్తే ఆ ప్రశ్నార్థకం మీ పేరు పక్కన అలాగే ఉండిపోతుంది, దాని చుట్టూ నిర్ణయాలు జరిగిపోతాయి. నాకు లిస్టు ఒక మంగళవారం మధ్యాహ్నం వచ్చింది. పైనుంచి కిందికి రెండుసార్లు, కిందినుంచి పైకి ఒకసారి చూశాను. తర్వాత క్యాబిన్‌కి వెళ్లి, "రాలేదు సార్" అన్నాను. ఆయన కూర్చోమన్నాడు, కూర్చోలేదు. ఏమీ అనకుండా షీట్ తెరిచి ప్రశ్నార్థకం తీసేశాడు. "నాలుగింటికి క్లయింట్ కాల్ ఉంది, నువ్వే తీసుకో" అన్నాడు.